తక్కువ పైసలల్ల ఏరో వీల్స్
అన్నలు, అక్కలు, సైకిల్ రేసుల గాలిని కోసుకుంట ఉరకాలంటే డిస్క్ వీల్‌కు (పుల్లలు కనవడకుంట మొత్తం మూసిన చక్రానికి) లక్షలు పెట్టకుర్రి. వెనుక ఇప్పుడున్న చక్రానికే వీల్ కవర్ బిగిస్తే ఆ లాభం చాలామటుకు వస్తది. బిగించినంక తిప్పి చూడుర్రి, చైన్‌స్టేకు (వెనుక చక్రం పక్కపొంటి పోయే ఫ్రేమ్ గొట్టానికి) తగిలితే గరగర చప్పుడొస్తది. వాల్వ్ దగ్గరి రంధ్రం టేపుతో మూయాలె.

ముందు చక్రానికి కవర్ వద్దు, ట్రయాథ్లాన్ అసొంటి పోటీల రూల్స్ ఒప్పుకోవు. అక్కడ 50 మి.మీ. లోతు రిమ్, సెకండ్ హ్యాండ్‌దైనా సరే. కానీ జడ్చర్ల హైవే మీద ఆషాఢం గాలి పడమటి నుంచి అడ్డంగ కొడ్తది, హ్యాండిల్ గుంజుతది. బక్కగున్నోళ్లు 40 మి.మీ. దగ్గరే ఆగుర్రి.

టైరు రిమ్ కంటే ఉబ్బితే ఏరో పైసలు దండగే. గాలి కొట్టినంక టైరును కొలువుర్రి: 25 మి.మీ. వస్తే రిమ్ బయటి వెడల్పు 26 పైన ఉండాలె. లోతు రిమ్ దాటి బయటికి రావాలె గనుక ట్యూబ్ వాల్వ్ 80 మి.మీ. తీసుకోర్రి. రిమ్ బ్రేకులున్న కార్బన్ చక్రానికి, అల్యూమినియం రిమ్ మీద వాడిన పాత బ్రేక్ ప్యాడ్లు అస్సలు వాడొద్దు, వాటిల ఇరుక్కున్న అల్యూమినియం తునకలు రిమ్‌ను గీకుతయ్.