డబ్లిన్ నుంచి అయనావరం ఇంటికి

డబ్లిన్,
డిసెంబర్ 7, శనివారం రాత్రి

అమ్మా, నాన్నా,

నేను బాగున్నాను. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకోండి. ఫోన్‌లో చెబితే నాన్నకి సగం వినపడదు, మిగతా సగం అమ్మ ఏడుపులో పోతుంది. అందుకే రాస్తున్నాను. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ఇమ్మని అక్కకి చెప్పాను.

ఇంట్లోకి నీళ్ళు వచ్చిన రాత్రి నేను ఫోన్ ఎత్తలేదు. పదకొండు మిస్డ్ కాల్స్. "దానికి మనం గుర్తున్నామా" అని అక్కతో అన్నావట అమ్మా. ఆ మాట నాలుగు రోజులుగా గుచ్చుకుంటూనే ఉంది. ఫోన్ బ్యాగులో ఉంది, బ్యాగు లాకర్‌లో ఉంది, నేను టెస్ట్ మెషీన్లున్న గదిలో ఉన్నాను. మీరు చేసినప్పుడు నాకు సాయంత్రం ఆరు. బయటికొచ్చి చూసుకునేసరికి మీకు తెల్లవారుజాము మూడు. పై వాటా ఆవిడకి ఫోన్ చేస్తే "అందరూ మా ఇంట్లోనే పడుకున్నారు" అంది. అప్పటిదాకా బస్టాపులో కూర్చోలేదు, నిలబడే ఉన్నాను.

2015లో చెన్నై మునిగినప్పుడు అయితే నేనూ అక్కడే ఉన్నాను కదా. నీళ్ళలో తేలిపోతున్న గ్యాస్ సిలిండర్‌ని నాన్నా నేనూ తాడుతో కిటికీకి కట్టాం. ఈసారి ఎవరు కట్టారు? చెంబరంబాక్కం చెరువులో 24 అడుగులకి ఎన్ని అడుగులున్నాయో రోజూ లేవగానే చూస్తున్నాను. ఆ నీళ్ళు అడయారు నదిలోకి పోతాయి, మన వైపు రావని నాన్న ఎన్నిసార్లు చెప్పినా చూడకుండా ఉండలేను.

నాన్నా, ఆఫీసులో ఒక ప్రోగ్రామ్ నెమ్మదించిన సంగతి విని "తప్పు నీ వల్లే జరిగిందా" అని మీరు అక్క చేత మెసేజ్ పెట్టించారు. అవును, నా వల్లే. ఎలాగో మీకు వివరంగా చెప్పాలని ఉంది.

అక్క పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. వరసగా బల్లలు, ఒక్కో బల్లకి 20 కుర్చీలు. బల్ల నిండితే వడ్డించేవాడు ఒక్క చుట్టులో వడ్డించేస్తాడు. నిండకపోతే ఒక్కో ఆకు దగ్గరికీ విడిగా వెళ్ళాలి. కంప్యూటర్ మెమరీ కూడా అంతే. మామూలుగా 4 కిలోబైట్ల పేజీలుగా ఇస్తారు, అది ఒక్కో ఆకు. 2 మెగాబైట్ల పెద్ద పేజీ ఇస్తే 512 చిన్న పేజీలు ఒకేసారి ఇచ్చినట్టు, అది నిండు బల్ల (లెక్క తేలిక కోసం 512కి బదులు 20 కుర్చీలే అనుకోండి). మేం పనిచేసే లైనక్స్, అంటే కంప్యూటర్‌ని నడిపించే సిస్టమ్, 2011 నుంచి వీలైన చోటల్లా తనంతట తానే పెద్ద పేజీలు ఇవ్వగలుగుతోంది.

నేను చేసిన మార్పు ఏమిటంటే, పెద్ద మెమరీ అడిగిన ప్రతిదాన్నీ కొత్త బల్ల మొదటి కుర్చీ నుంచి కూర్చోబెట్టడం. మంచికే చేశాను. టెస్టుల్లో వేగం పెరిగింది కూడా. కానీ ఒక లెక్కల ప్రోగ్రామ్ నాలుగున్నర మెగాబైట్ల ముక్కలు వందలకొద్దీ అడుగుతుంది. ఒక్కో ముక్క ఒక్కో కుటుంబం అనుకుంటే, ప్రతి కుటుంబంలో 45 మంది. రెండు బల్లలు నిండుతాయి, మూడో బల్లకి ఐదుగురే, 15 కుర్చీలు ఖాళీ. ఆ ఐదుగురికీ విడివిడిగా వడ్డించాలి. అంతకుముందు ఒక కుటుంబం పక్కనే ఇంకో కుటుంబం కూర్చునేది, అన్ని బల్లలూ నిండేవి. నా నియమం వచ్చాక ఆ ప్రోగ్రామ్ ఈడ్చుకుంటూ నడిచింది.

నిన్నటిదాకా బాగా నడిచినది కొత్త మార్పుతో చెడితే దాన్ని రిగ్రెషన్ అంటారు. మార్పు ఎంత మంచిదైనా సరే, నడుస్తున్నదాన్ని చెడగొడితే అది తప్పేనని లైనక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఎన్నో ఏళ్ళుగా పట్టుబడతారు. నేనూ ఆ మాట నమ్ముతాను. అందుకే ఇంత బాధ.

తప్పు నాదని మొదట ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. లైనక్స్‌లో అడుగున ఉండి అన్నిటినీ నడిపే భాగాన్ని కెర్నల్ అంటారు. మా పాత కెర్నల్‌కీ కొత్తదానికీ మధ్య దాదాపు 14,000 మార్పులున్నాయి. సరిగ్గా మధ్యలో ఒకచోట ఆగి, అక్కడి కెర్నల్ బిల్డ్ చేసి నడిపి చూస్తాం. బాగుంటే చెడింది తర్వాతి సగంలో, బాగోకపోతే ముందు సగంలో. ఇలా 14 సార్లు సగం చేస్తే ఒక్క మార్పు మిగులుతుంది. దీన్ని బైసెక్ట్ అంటారు. మొదటిసారి చివర్లో తేలింది ఏమిటో తెలుసా? డాక్యుమెంటేషన్‌లో ఒక స్పెల్లింగ్ దిద్దుబాటు! దానివల్ల మెషీన్ నెమ్మదించడం అసాధ్యం. వెనక్కి వెళ్ళి చూస్తే, ఆ దిద్దుబాటు దగ్గర టెస్ట్ చేసినప్పుడు మెషీన్‌లో పెద్ద పేజీల సెట్టింగే ఆఫ్‌లో ఉంది. బాగున్నదాన్ని చెడిందని రాసుకున్నాం. అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. ఇంటికి నీళ్ళొచ్చిన రాత్రి అదే.

చివరికి తెర మీద వచ్చిన పేరు నాది. చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఆ ప్రోగ్రామ్ మెమరీ చిరునామాలు వరసగా తీసి చూశాను. ప్రతి రెండింటి మధ్యా ఒకే కొలత ఖాళీ, ఒకటిన్నర మెగాబైట్లు. కంటికి అంత స్పష్టంగా కనిపిస్తుంటే పరీక్షించేటప్పుడు ఎందుకు చూడలేదా అనిపించింది.

సరిదిద్దడానికి కొద్ది లైన్లే పట్టింది. బల్లలు సరిగ్గా నిండే కుటుంబాలకే ఆ నియమం, మిగతావాళ్ళు ఎప్పటిలా పక్కపక్కనే. శుక్రవారం చేర్చేశారు. వేగం తిరిగి వచ్చింది. ఉద్యోగానికి ఏమీ కాదు. మా మేనేజర్ "నువ్వే పట్టుకున్నావు, నువ్వే దిద్దావు" అన్నారు, అంతే.

తిండి గురించి అడగొద్దమ్మా, వండుకుంటున్నాను. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అడుక్కి వచ్చింది. మూడు రోజులుగా చారన్నమే, కానీ ఇష్టంగా తింటున్నాను. ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆ టైమ్‌కి మన వీధిలో పూలమ్మే ఆవిడ కేక గుర్తొస్తుంది.

సంక్రాంతికి రాలేను. మార్చిలో ఉగాదికి వస్తాను, టికెట్ తీశాను. అక్కకి పంపాను, చూడండి.

ఫోన్ ఇకమీదట జేబులోనే ఉంటుంది. ఆ గదిలోకి తీసుకెళ్ళకూడదంటే బయట కూర్చునే సహోద్యోగి నంబర్ కూడా అక్కకి ఇచ్చాను. ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగబ్బాయే.

నాన్నా, మోటార్ స్విచ్ బోర్డు 2015లోనే పైకి పెట్టిద్దామన్నారు, ఇంకా అలాగే ఉంది. డబ్బులు రేపే పంపుతాను. గోడ తడి ఆరేదాకా మీరు మాత్రం ఆ స్విచ్ ముట్టుకోకండి. ఎలక్ట్రీషియన్ వచ్చాక ఫోటో పెట్టించండి.

మీ
చిన్ని