తుపాకీ పట్టలేనన్న సైనికుడికి ఒక నిబంధన కావాలి: రక్షణ మంత్రి గారికి ఒక మాజీ హవల్దారు బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను పదాతి దళంలో పంతొమ్మిదేళ్ళు పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ చేసిన పశ్చిమ గోదావరి జిల్లా వాసిని. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి బిడ్డలను పంపుతున్న మిలటరీ మాధవరం మా ఊరికి దగ్గరే. మా వైపు యూనిఫాం అంటే ఎంత గౌరవమో, దాన్ని మధ్యలో వదిలేసి వచ్చినవాడంటే అంత చిన్నచూపు. నేనూ ఆ చిన్నచూపుతోనే పెరిగాను. యుద్ధమే వద్దనేవాణ్ణి కూడా కాను. పిలుపు వస్తే ఈ అరిగిన మోకాళ్ళతోనే బయలుదేరతాను. అయినా, మనిషిని చంపడానికి మనస్సాక్షి ఒప్పుకోని సైనికుడు గౌరవంగా పక్కకు తప్పుకునే దారి ఒకటి మన నిబంధనల్లో ఉండాలని మిమ్మల్ని కోరుతున్నాను.

మా సెక్షన్‌లో నాయక్ హోదాలో ఒక సైనికుడు ఉండేవాడు. కాశ్మీరు అడవిలో ఒక ఎదురుకాల్పుల తర్వాత, తన తూటాకే పడిపోయిన మనిషి జేబులు వెతికే పని అతనికి పడింది. ఆ జేబులో సగం ఒలిచిన అక్రోటు ఒకటి దొరికింది. రిపోర్టులో రాయాల్సిన వస్తువు కాదు గనుక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అతను తప్ప. ఆరు వారాల తర్వాత నా దగ్గరికి వచ్చి, తన హిందీ బాగుండదని, అర్జీ రాసిపెట్టమన్నాడు. ఐదు వాక్యాలు రాశాను. స్ట్రెచర్ మోస్తాను, లంగర్‌లో రొట్టెలు కాలుస్తాను, ముందు వరుసలోనే ఉంచండి, రైఫిల్ మాత్రం ఇక పట్టలేను అన్నది వాటి సారాంశం. దాన్ని చదివిన సూబేదార్ సాబ్ మంచివాడే. కాగితం మడిచి చేతికి తిరిగిచ్చి, "అమ్మకు ఒంట్లో బాగోలేదని రాయించుకుని రా, నేను సిఫార్సు చేస్తాను" అన్నారు. నాయక్ తల్లి అప్పటికి నిక్షేపంగా ఉంది. అబద్ధం రాయించడానికి అతను ఒప్పుకోలేదు.

ఆ తర్వాత అతణ్ణి మానసిక వైద్య విభాగానికి పంపారు. జబ్బేమీ లేదని డాక్టర్లు తిప్పి పంపేశారు. సెలవు మీద ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. ముప్పై రోజులు దాటాక విచారణ జరిగింది, 'భగోడా', అంటే పారిపోయినవాడు, అన్న ముద్ర పడింది. చివరికి మూడు నెలల జైలు, ఉద్యోగం నుంచి తొలగింపు. పదకొండేళ్ళ సర్వీసుకు పైసా పెన్షన్ లేదు. అధికారులు ఎవరూ అతని మీద కక్ష కట్టలేదని నేను సాక్ష్యం చెప్పగలను. వారి ముందున్న ఏ ఫారంలోనూ అతని కారణం పట్టే గడి లేదు, అంతే.

1954 నాటి ఆర్మీ రూల్స్‌లో 13వ నిబంధన సైనికుణ్ణి సర్వీసు నుంచి విడుదల చేసే పద్ధతులను చెబుతుంది. గడువు తీరకముందే స్వయంగా కోరుకుని వెళ్ళిపోయే అవకాశం కూడా అందులో ఉంది. అయితే ఆ కోరిక సమంజసమైనదనీ, దానివల్ల యూనిట్ బలం మరీ తగ్గిపోదనీ కమాండింగ్ ఆఫీసర్‌కు నమ్మకం కలగాలి. ఇంటి ఇబ్బంది అయితే ఆయన సులభంగా అర్థం చేసుకోగలరు. మనస్సాక్షిని ఏ కొలతతో తూచాలో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ళ కోసం సైన్యంలో చేరే అగ్నివీరుల పరిస్థితి ఇంకా బిగుతుగా ఉంది: పదిహేడున్నరేళ్ళకే చేరగల ఆ పిల్లలు, అత్యంత అసాధారణ సందర్భాల్లో తప్ప, నాలుగేళ్ళ లోపు తమంతట తాము తప్పుకోవడానికి 2022 నాటి షరతులు ఒప్పుకోవు. పదిహేడున్నరేళ్ళప్పుడు నాకు గడ్డం కూడా సరిగా రాలేదు; చంపడమంటే ఏమిటో అప్పుడు నాకేం తెలుసు?

ఇష్టపడి చేరి, ప్రమాణం చేసి, ఇప్పుడు కాదంటే ఎలా అని మీరు అడగవచ్చు. కసమ్ పరేడ్ నాడు నేనూ ప్రమాణం చేశాను. నేల, నీరు, ఆకాశం ఏ దారినైనా పంపిన చోటికి వెళ్తాననీ, ప్రాణం మీదికి వచ్చినా ఆజ్ఞ పాటిస్తాననీ అందులో ఉంది. మా నాయక్ తన ప్రాణాన్ని దాచుకోలేదు, స్ట్రెచర్‌తో ముందు వరుసలోనే ఉంటానన్నాడు. అయినా ప్రమాణం ప్రమాణమే అన్న వాదనను నేను తేలిగ్గా తీసేయలేను. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధులైన జనం మీద కాల్పులు జరపడానికి ఆనాటి బ్రిటిష్ సైన్యంలోని సైనికుడు చంద్రసింగ్ గఢ్‌వాలీ, ఆయన సహచరులు నిరాకరించారు. యావజ్జీవ శిక్ష పడిన ఆయన 1941లో గానీ జైలు నుంచి బయటపడలేదు. నేడు ఆయనను వీరుడంటున్నాం. కానీ సైన్యంలో చేరి ప్రమాణం చేసినవాడు ఆజ్ఞ ధిక్కరించడాన్ని ఆనాడు గాంధీజీ కూడా సమర్థించలేదు. ఆ మాట నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ఇప్పుడు అనిపిస్తుంది, ధిక్కారం తప్పు అయితే, ధిక్కరించకుండానే తప్పుకునే చట్టబద్ధమైన తలుపు తెరిచి ఉంచవలసిన బాధ్యత ప్రభుత్వానిదే గదా అని.

ఆ తలుపు ఎలా ఉంటుందో ఊహించుకోనక్కరలేదు. 1973 నుంచి అమెరికా సైన్యంలోనూ మనలాగే ఇష్టపడి చేరినవారే ఉన్నారు. అక్కడ సర్వీసులో ఉండగా మనసు మారిన సైనికుడు అర్జీ పెట్టుకుంటే ఒక మతగురువు, ఒక మానసిక వైద్య నిపుణుడు విడివిడిగా మాట్లాడతారు, అతని పై అధికారుల వరుసకు చెందని మరో అధికారి విచారణ జరుపుతారు. తన నమ్మకం నిజమైనదని నిరూపించుకునే భారం సైనికుడిదే. నిర్ణయం వచ్చేదాకా అతని నమ్మకానికి వీలైనంత తక్కువ అడ్డుపడే పని ఇస్తారు. నిజమని తేలితే ఆయుధం పట్టనక్కరలేని విధుల్లోకి మారుస్తారు, లేదా విడుదల చేస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో డెస్మండ్ డాస్ అనే వైద్య సహాయకుడు ఆయుధం ముట్టకుండానే ఒకినావాలో పదుల మంది క్షతగాత్రులను కాపాడి ఆ దేశపు అత్యున్నత సైనిక పతకం పొందాడు. మన దేశం 1979లో ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 18వ అధికరణం నుంచి, మనస్సాక్షి కారణంగా సైనిక సేవను నిరాకరించే హక్కు ఉద్భవిస్తుందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1993లోనే చెప్పింది.

యుద్ధం వచ్చిన రోజున అందరూ ఇలాంటి అర్జీలే పెడతారన్న భయం నాకు లేదు. తప్పించుకోదలచినవాడికి తల్లి జబ్బు, నడుం నొప్పి ఎప్పుడూ అందుబాటులోనే ఉన్నాయి. నలుగురిలో పిరికివాడనిపించుకునే ఈ దారి ఎవడూ సరదాగా ఎంచుకోడు. పైగా, కాల్చాలా వద్దా అని చీకట్లో తనతో తానే తగవు పడుతున్నవాడు గస్తీలో నా పక్కన నడవడం నాకే ప్రమాదం. అతను అంబులెన్స్ దగ్గర ఉంటే ఇద్దరమూ బతుకుతాం.

కాబట్టి 13వ నిబంధనలో మనస్సాక్షిని ఒక ప్రత్యేక కారణంగా చేర్చాలనీ, అలాంటి అర్జీని యూనిట్ బయటి అధికారుల బృందం నిర్ణీత గడువులో విచారించాలనీ, అది తేలేవరకు అర్జీదారుకు ఆయుధం లేని విధి అప్పగించాలనీ, అగ్నివీరులకూ ఇదే వర్తింపజేయాలనీ కోరుతున్నాను. పాత కేసులను తిరగదోడమని అడగడం లేదు. ఆ నాయక్ కూడా అడగమనలేదు. ఇప్పుడు ఊళ్ళో రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటున్నాడు, అక్కడ కూడా కర్రే గానీ తుపాకీ పట్టడు. ఆనాటి అర్జీ ఇప్పటికీ అతని ట్రంకు పెట్టెలో ఉంది. అతని అనుమతితో దాని నకలును, పేరు కొట్టేసి, ఈ లేఖకు జతచేస్తున్నాను. చేతిరాత నాది.

భవదీయుడు,
ఒక మాజీ హవల్దారు
పశ్చిమ గోదావరి జిల్లా, ఆంధ్రప్రదేశ్