నుకుస్ నిల్వగదుల్లోకి దిగుతున్న ఉప్పు: ఉజ్బెకిస్తాన్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

కరకల్పకస్తాన్ రాజధాని నుకుస్‌లో చిత్రకారుడు ఇగోర్ సావిత్స్కీ స్థాపించిన మ్యూజియం నిల్వగదుల గురించి ఇంతకుముందు రాసిన ఉత్తరాలు ఏ బల్ల మీద ఆగిపోయాయో తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. ఆ మ్యూజియం గొప్పతనం మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. 2024లో దాని చిత్రాలు ఫ్లోరెన్స్‌కూ వెనిస్‌కూ వెళ్ళాయి. అంతకు రెండేళ్ళ ముందు మీ దేశపు ప్రాచీన సంపద పారిస్ లూవ్ర్‌లో కొలువుదీరింది. మనసారా సంతోషించాం. అయితే అలా విదేశాలు చూసి వచ్చేవి కొన్నే. నుకుస్‌లో ఉన్నవి 80,000కు పైగా. వాటిలో ఎక్కువ భాగం ఏనాడూ ప్రదర్శనకు రాదు, నిల్వలోనే ఉంటుంది. కొత్త భవనాల గురించి, ప్రదర్శనల గురించి మేం చదివిన ప్రకటనల్లో ఈ నిల్వగదుల ఊసే లేదు.

మా బాధంతా దుమ్ము గురించే. చిన్న విషయమని దయచేసి పక్కన పెట్టకండి.

అరల్ సముద్రం ఎండిపోయిన నేల మీద నుంచి లేచేది మామూలు దుమ్ము కాదు. అందులో వంటుప్పు ఉంది, సోడియం సల్ఫేటు ఉంది, పత్తి చేలకు దశాబ్దాల పాటు కొట్టిన పురుగుమందుల అవశేషాలున్నాయి. 2018 మే నెలాఖరున లేచిన ఉప్పు తుఫాను నుకుస్ ఉన్న కరకల్పకస్తాన్‌నూ, దాని పక్కనున్న ఖోరెజ్మ్ ప్రాంతాన్నీ ఎలా కమ్మేసిందో మీకు తెలుసు. ఆ గాలి తలుపు సందుల్లోంచి, కిటికీ చట్రాల్లోంచి, మనిషి బట్టల మీద నుంచి ఎక్కడికైనా దూరుతుంది. ఎండాకాలంలో ఆ దుమ్ము వస్తువు మీద ఊరికే పడి ఉంటుంది. అసలు నష్టం తర్వాత మొదలవుతుంది. సోడియం సల్ఫేటు 32 డిగ్రీలకు దిగువన తేమ తగిలితే నీటిని పట్టుకుని మూడు రెట్లకు పైగా ఉబ్బుతుంది. మళ్ళీ ఆరుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. కాల్చని మట్టితో చేసిన ఖోరెజ్మ్ శిల్పపు ముక్క ఈ తాకిడికి లోపలి నుంచి పొడిపొడిగా రాలిపోతుంది. దాన్ని కడగడానికి లేదు, కడిగితే కరిగిపోతుంది. కంచు మీద ఉప్పులోని క్లోరైడు చేరితే, గాలిలో తేమ 42 శాతం దాటగానే లేతాకుపచ్చ పొడి పుట్టి లోహాన్ని తింటూ పోతుంది. తవ్వకాల్లో దొరికిన కంచును శుభ్రం చేస్తూ పీల్చిన ఫార్మలిన్ ఆవిరి సావిత్స్కీ గారి ఊపిరితిత్తులను పాడుచేసింది. 1984లో ఆయన పోయారు. ప్రాణం ఒడ్డి కాపాడిన ఆ వస్తువుల మీద మళ్ళీ ఉప్పు పేరుకోకుండా చూడమనే మేం అడుగుతున్నది.

చలికాలంది ఇంకో కష్టం. మైనస్ 20 డిగ్రీల గాలిని లోపలికి తెచ్చి 20 డిగ్రీలకు వేడిచేస్తే దానిలో తేమ 5 శాతం కూడా మిగలదు. ప్లైవుడ్ ముడుచుకుంటుంది, అట్టలు వంకర తిరుగుతాయి, రంగుల కింద వేసిన జిగురు పూత బీటలు వారుతుంది. అక్కడున్న బొమ్మలు వేసినవాళ్ళలో చాలామంది లేమిలో బతికినవాళ్ళు. దొరికిన అట్ట మీద, చవక రంగులతో వేశారు. ఆ బొమ్మలకు ఈ ఎగుడుదిగుడులు తట్టుకునే శక్తి లేదు. తేమ కోసం పొగమంచులా నీటిని చిమ్మే అల్ట్రాసోనిక్ యంత్రాలు పెట్టి, వాటిలో కుళాయి నీళ్ళు పోస్తే అంతకంటే చేటు లేదు. ఆ నీటిలో ఉన్న ఉప్పంతా సన్నని తెల్లపొడిగా బొమ్మల మీదే వాలుతుంది. నీటిని ఆవిరిగా వదిలే యంత్రం కావాలి, అందులో లవణాలు తీసేసిన నీళ్ళే పోయాలి.

ఇక బట్టల సంగతి. కరకల్పక పెళ్ళికూతుళ్ళ నీలి దుస్తు కోక్ కోయ్లెక్, గుడారం చుట్టూ కట్టే తెల్లని అక్ బస్కుర్ పట్టీలు, ఉన్నిని అదిమి చేసిన నమదా పరుపులు. మడత పెడితే మడత దగ్గర ఉప్పు గీరుకుని పోగులు తెగుతాయి. మడవకుండా పరిచి ఉంచాలి, లేదా లావుపాటి గొట్టానికి చుట్టాలి. పైన ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ పడుతుంది. ఉతికిన కోరా గుడ్డ చాలు. దుమ్ము తీయడానికి తడిగుడ్డ వద్దే వద్దు, ఉప్పు కరిగి పోగులోకి దిగిపోతుంది. సన్నని వల అడ్డం పెట్టి, తక్కువ పీల్పుతో వాక్యూమ్ చేయాలి. నమదాల్లో చిమ్మటలు కనబడితే మందు కొట్టకుండా, గాలి చొరకుండా చుట్టి, మైనస్ 30 డిగ్రీల్లో మూడు రోజులు ఉంచితే చాలు. ఒకప్పుడు బుఖారా రంగరేజులు వాడిన నీలిమందు మా దేశం నుంచి ఒంటెల మీద మీ దేశానికి వచ్చిందే. అందుకే ఆ నీలం మాకు పరాయిది అనిపించదు.

అయ్యా, మేం అడిగేది మరో పాలరాతి హాలు కాదు. నిల్వగదికి రెండు తలుపులు పెట్టించండి, ఒకటి మూశాకే రెండోది తెరిచేలా. వడకట్టిన గాలిని లోపలికి కాస్త ఒత్తిడితో పంపిస్తే సందుల్లోంచి గాలి బయటికి పోతుంది తప్ప లోపలికి రాదు. మోటు దుమ్ముకు ఒక ఫిల్టరు, దాని వెనక సన్నదానికి మరొకటి కావాలి. వాటిని క్యాలెండరు చూసి కాకుండా తుఫాను వెలిసిన మర్నాడే మార్చాలి. అంటే అదనపు ఫిల్టర్లు నుకుస్‌లోనే సిద్ధంగా ఉండాలి. తాష్కెంట్ నుంచి మంజూరు వచ్చేదాకా ఉప్పు ఆగదు.

ఉప్పు చేరుతోందో లేదో తేల్చడానికి పెద్ద ప్రయోగశాల కూడా అక్కర్లేదు. ప్రతి గదిలో అరల మీద గాజు పలకలు వారం రోజులు ఉంచండి. వాటిని డిస్టిల్డ్ నీటితో కడిగి, ఆ నీటిలో సిల్వర్ నైట్రేటు చుక్క వేయండి. తెల్లగా విరిగితే క్లోరైడు ఉన్నట్టే. ఆ ఫలితాలను గది పేరుతో, తేదీతో నెలనెలా బయటపెట్టండి. విదేశాలకు పంపేముందు ప్రతి చిత్రానికీ ముందువైపూ వెనకవైపూ ఫోటోలు తీయించండి, తిరిగొచ్చాక మళ్ళీ తీయించి రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

మా పిల్లలు వందల మంది మీ సమర్‌ఖండ్‌లో, బుఖారాలో వైద్యం చదువుకుంటున్నారు. మీ దేశాన్ని పరాయిదిగా చూడలేం. ఫిల్టర్లు, రెండు తలుపులు, కోరా గుడ్డ. మళ్ళీ మళ్ళీ వీటినే అడుగుతున్నందుకు మన్నించండి. వచ్చే వసంతం గాలులు లేచేలోపు, కనీసం బట్టలూ కంచూ ఉన్న గదుల్లోనైనా పని మొదలుపెట్టించమని వేడుకుంటున్నాం.

ఇట్లు,
మ్యూజియం వస్తువుల సంరక్షణ తెలిసిన కొందరు తెలుగువాళ్ళం