మానని పుండును కూడా లెక్కలోకి తీసుకోండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. మా నాయన నలభై ఏళ్లు ఇస్కపల్లి ఉప్పు మళ్లలో పనిచేశాడు. పోయిన ఏడాది ఆయన ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. చూసినవాళ్లంతా షుగర్ వల్ల అనుకుంటారు. మా నాయనకు షుగర్ లేదు. ఆయనకొచ్చింది చర్మ క్యాన్సర్.

పదహారేళ్లప్పుడు వడ్లు ఉడకబెట్టే గంగాళం ఒరిగి ఆయన పిక్క మీద మరిగే నీళ్లు పడ్డాయి. కాలిన చోట ముడుచుకుపోయిన మచ్చ మిగిలింది. నాలుగేళ్ల కిందట ఆ మచ్చే చిట్లి పుండయింది. ఉప్పునీళ్లలో నిలబడేవాళ్లకు కాళ్లు పగలడం మామూలే కదా అనుకున్నాం. రోజూ సాయంత్రం నేనే వేపాకు నీళ్లతో కడిగి, పాత పంచె గుడ్డతో కట్టేదాన్ని. రానురాను దాని అంచులు మడి గట్టులా లేచి గట్టిపడ్డాయి. మధ్యలో కాలీఫ్లవర్‌లా పెరిగింది. తాకితే నెత్తురు, కట్టు విప్పితే వాసన.

మూడు చోట్ల చూపించాం. మూడు చోట్లా షుగర్ టెస్ట్ రాశారు, ఆయింట్‌మెంట్ మార్చారు. పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని ఎవరికీ తోచలేదు. చివరికి పంపితే స్క్వామస్ సెల్ కార్సినోమా అని, అంటే చర్మం పైపొర కణాల్లో వచ్చే క్యాన్సర్ అని వచ్చింది. అప్పటికే ఎముక దాకా పోయింది.

పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని పుండ్లలో ఈ క్యాన్సర్ రావడం కొత్త సంగతేం కాదు. 1828లో ఇలాంటి పుండ్ల గురించి రాసిన ఫ్రెంచి డాక్టర్ మార్జోలిన్ పేరే వాటికి పెట్టారు. కాలిన రోజు నుంచి క్యాన్సర్ అయ్యేదాకా ముప్పై ఏళ్లు కూడా పట్టొచ్చు. అంతకాలం తర్వాత ఆ మచ్చను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బు అని మనకొక నమ్మకం. అందులో కొంత నిజముంది. మన ఒంటి రంగు ఎండ నుంచి కాపాడుతుంది, మన దేశంలో మొత్తం క్యాన్సర్లలో చర్మానివి చాలా తక్కువే. అమెరికాలో మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో వచ్చే క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్లు ఏడాదికి 33 లక్షల మందికి వస్తాయని 2012 అంచనా. అదీ అంచనాయే, ఎందుకంటే అక్కడ క్యాన్సర్ రోగుల లెక్క రాసే రిజిస్ట్రీలు కూడా వీటిలోని రెండు ముఖ్య రకాలను, అంటే బేసల్ సెల్, స్క్వామస్ సెల్ క్యాన్సర్లను, నమోదు చేయవు. చిన్నగా ఉన్నప్పుడు కోసేస్తే నయమైపోతాయి కాబట్టి లెక్క పెట్టకపోయినా వాళ్లకు నడుస్తుంది. మనకు నడవదు. మన దగ్గర తక్కువమందికి వస్తుంది, కానీ ఎవరూ అనుమానించరు కాబట్టి ముదిరాకే తెలుస్తుంది. ప్రపంచం మొత్తం మీద 2022లో వీటితో సుమారు 69 వేల మంది చనిపోయారని అంచనా.

అయ్యా, ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ఊళ్లలో చేసే పరీక్షల్లో బీపీ, షుగర్‌తో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు చూస్తున్నారు. మంచి పని. ఆశా కార్యకర్తలు ఎలాగూ ఇంటికి వస్తారు. ఒంటి మీద రెండు నెలలైనా మానని పుండు ఉందా, పాత కాలిన మచ్చ మళ్లీ పగిలిందా అని కూడా వాళ్లతో అడిగించండి. ఒంగోలు వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కాలినవాళ్లనూ, మా ఉప్పు కూలీలనూ ముందు అడిగించండి. ఉందంటే ముక్క తీసే పని పెద్ద ఊరికి తోసేయకుండా దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోనే జరగాలి. లోకల్ మత్తిచ్చి కాస్త ముక్క తీసి, అది చెడకుండా ఉంచే ఫార్మలిన్ మందు సీసాలో వేసి పంపితే చాలు. ఆ రిపోర్టు చెన్నైలో వచ్చినా, తిరుపతిలో వచ్చినా రోగి సొంత మండలం పేరుతో నమోదు కావాలి. లేకపోతే మా ఊళ్లో ఈ జబ్బే లేదని మీ కాగితాలు చెబుతూనే ఉంటాయి.

మా వీధిలో ఇంకో పెద్దాయన ఏడాదిగా మడమ మీది పుండుకు కట్టు కట్టుకుని మళ్లకు పోతున్నాడు. ఆయన్ని ఏ ఆసుపత్రికి, ఏ రోజు తీసుకెళితే ముక్క తీస్తారో మీ శాఖ నుంచి జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఒక ఉప్పు కూలీ కూతురు,
అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా