నల్లమల టూరు బస్సుల్లో అడవి తెలిసిన గైడు ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఒంగోలు, పొదిలి, మార్కాపురం, ఎక్కడ చూసినా ఇప్పుడు 'ఒక్క రోజులో నల్లమల' ఫ్లెక్సీలే. పైన నోరు తెరిచిన పులి బొమ్మ, కింద 'టిఫిను, భోజనం, గైడు అన్నీ మావే' అని రాసి ఉంటుంది. టిఫిను, భోజనం సంగతి సరే, ఆ గైడు గురించే ఈ లేఖ.

మొన్న వేసవిలో మా వీధి వాళ్లంతా కలిసి అలాంటి బస్సొకటి మాట్లాడుకుంటే నేనూ వెళ్లాను. గైడంటే ట్రావెల్స్ వాళ్ల కుర్రాడు. పిల్లవాడు మంచివాడే, పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని దించాడు, ఎవరికి నీళ్లు కావాలన్నా పరిగెత్తాడు. కానీ అడవి గురించి అతనికి తెలిసింది సున్నా. అడవి మొదలయ్యే దోర్నాల చెక్‌పోస్టు దాకా మైకులో పాటలు, అది దాటాక కూడా అవే పాటలు, ఇంకాస్త సౌండు పెంచి. వెనక సీటు పెద్దావిడ ఒకామె కిటికీలోంచి చూపించి "ఆ తెల్ల మాను ఏం చెట్టు బాబూ?" అని అడిగితే "అడవి చెట్టేనమ్మా" అన్నాడు. బస్సంతా నవ్వారు, నేనూ నవ్వాను, కానీ తర్వాత ఆలోచిస్తే దోర్నాల నుంచి శ్రీశైలం దాకా సుమారు 50 కిలోమీటర్ల అడవిలో మాకు అందిన సమాచారం అదొక్కటే.

మలుపు దగ్గర బస్సు ఆపితే కోతుల గుంపు. అరటిపళ్లు, బిస్కెట్లు విసరడం, సెల్ఫీలు. అలా తిండికి అలవాటు పడ్డ కోతులు రోడ్డు వదలవు, మలుపు తిరిగి వచ్చే బండ్ల కింద పడతాయి. ఈ మాట చెప్పి ఆపాల్సిన గైడే ఫొటోలు తీస్తున్నాడు. మధ్యాహ్నం రోడ్డు పక్కన చెట్ల కింద గ్యాస్ స్టవ్ వెలిగించి కూరలు వేడి చేశారు. వేసవిలో నల్లమల నేలంతా ఎండుటాకే, ఒక్క నిప్పురవ్వ చాలు, అయినా పక్కనే నిలబడి ఒకాయన బీడీ కాలుస్తుంటే ఎవరూ ఏమీ అనలేదు. సఫారీ ఉందని డబ్బులు కట్టించుకున్న వాళ్లు తుమ్మలబైలు దగ్గరికి వచ్చాక, అది అటవీశాఖ వాళ్ల జీపు, టికెట్టు వేరు, ఇప్పుడు ఖాళీ లేదు, మనకు టైమూ లేదు అని చల్లగా చెప్పారు. తేనె అమ్మే కొట్టు దగ్గర ఆగడానికి మాత్రం బోలెడు టైము దొరికింది.

తుమ్మలబైలులో జీపుల కోసం గొడవ జరుగుతుండగా అక్కడ పనిచేసే ఒక చెంచు పెద్దాయనతో కాసేపు మాట్లాడాను. పక్కనే ఉన్న మాను మీద గీతలు చూపించి ఎలుగు ఎక్కిన గుర్తులన్నాడు, తేనెపట్టు కోసం ఎక్కుతుందట. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారుజామున ఆ చెట్ల కిందికి వస్తుందని, చెదపుట్టలు తవ్వి తింటుందని, అందుకే పొద్దున, సాయంత్రం పుట్టల వైపు పోవద్దని చెప్పాడు. దుప్పి ఉత్తినే అరవడం వేరు, పులినో చిరుతనో చూసి అరవడం వేరు అని ఆ రెండు కూతలూ కూసి వినిపించాడు. మా బస్సులో పిల్లలు ఆయన చుట్టూ మూగి కదల్లేదు. బస్సు హారన్ కొడితే గానీ రాలేదు.

చెంచులు ఈ అడవిలోనే పుట్టి పెరిగిన వాళ్లు. శ్రీశైలం మల్లన్న మా అల్లుడే అని చనువుగా చెప్పుకునే వాళ్లు. దోర్నాల, యర్రగొండపాలెం వైపు గూడేల్లో ఎంతమంది యువకులు పని లేక ఉన్నారో ఆ ప్రాంతం వాళ్లకు తెలుసు. అటవీశాఖ ఇప్పటికే కొందరు చెంచులను ట్రాకర్లుగా, వాచర్లుగా పెట్టుకుంది, పులి అడుగు చూసి జాడ చెప్పడంలో వాళ్లను మించిన వాళ్లు లేరు కాబట్టే కదా. మరి వాళ్లు చెక్‌పోస్టు దగ్గరే ఉండగా మనం ఒంగోలు నుంచి మైకు పట్టుకున్న కుర్రాణ్ణి తీసుకుపోవడం ఏంటి?

నేను అడిగేది ఒక్కటే. దోర్నాల చెక్‌పోస్టు దాటే ప్రతి టూరు బస్సులో, మినీ బస్సులో శిక్షణ పొందిన స్థానిక గైడు ఒకరు ఎక్కాలి, వీలైనంతవరకు చెంచులకే ఆ పని ఇవ్వాలి. రుసుము చెక్‌పోస్టులోనే రసీదు ఇచ్చి కట్టించుకోవాలి, లేకపోతే మధ్యలో ఎవరి జేబులోకి పోతుందో మనకు తెలియనిది కాదు. ఖర్చు పెరుగుతుందని ట్రావెల్స్ వాళ్లు గోల చేస్తారు. గైడుకు రోజుకు వెయ్యి రూపాయలు అనుకున్నా, నలభై మంది ఉన్న బస్సులో మనిషికి పాతిక రూపాయలు, ఒక టీ, రెండు సమోసాల డబ్బు. గైడు ఎక్కితే పాటలు ఎక్కడ ఆపాలో, బస్సు ఎక్కడ ఆపకూడదో, పొయ్యి ఎక్కడ వెలిగించకూడదో చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు. ప్రతి మలుపులో అటవీశాఖ బీట్ ఆఫీసర్‌ని నిలబెట్టడం ఎలాగూ కుదరదు.

అసలు ఇలాంటి టూర్లే ఆపేయాలనే వాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. సొంత కారు లేనివాళ్లు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, ఇంటి పని నుంచి ఒక్క రోజు తీరిక దొరికిన ఆడవాళ్లు అడవి చూడాలంటే ఈ గ్రూపు బస్సే దిక్కు. వాళ్లు కట్టిన డబ్బుకు అడవిని నిజంగా చూపించమంటున్నాను, అంతే.

పులి బొమ్మ గురించి కూడా ఒక మాట. నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం 3,000 చదరపు కిలోమీటర్లకు పైనే, దేశంలోకెల్లా పెద్దది. 2022 లెక్కల్లో మన ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద పులులు 63. ఇంత అడవిలో, మిట్టమధ్యాహ్నం, పాటలు మోగే బస్సులోంచి పులి కనపడుతుందని ఆశ పెట్టి టికెట్టు అమ్మడం మోసం కాక మరేమిటి? చూపించడానికి ఇక్కడ వేరేవి లేక కాదు. గిద్దలూరు - నంద్యాల మధ్య అడవిలో నెమలి మెడలా మెరిసే నీలి సాలీడు ఒకటి ఉంది, గూటీ టరాంటులా అంటారు. గుత్తిలో దొరికిందని 1899లో ప్రపంచానికి తెలిసింది, ఆ తర్వాత వందేళ్లకు, 2001లో, మళ్లీ మన వైపే బయటపడింది. అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. మన జిల్లా పిల్లల్లో దీని పేరు విన్నవాళ్లు ఎంతమంది? ఫ్లెక్సీ మీద ఆ సాలీడు బొమ్మ వేస్తే టికెట్లు తెగవనుకుంటాను, అది వేరే సంగతి.

జులై నుంచి సెప్టెంబరు దాకా ఎలాగూ సఫారీలు ఆపేస్తారు. అక్టోబరులో తెరిచాక కార్తీక మాసం వస్తే ఈ రోడ్డు మీద బస్సులకు లెక్క ఉండదు. కాబట్టి అటవీశాఖ, పర్యాటక శాఖ, రవాణా శాఖ అధికారులు ఈ మూడు నెలల్లోనే కూర్చుని, గూడేల నుంచి యువకులను ఎంపిక చేసి శిక్షణ ఇచ్చి, దోర్నాలలో గైడ్ల కౌంటరు తెరవాలి. సఫారీ టికెట్టు ప్యాకేజీలో ఉందో లేదో ముందే రాతపూర్వకంగా చెప్పని ట్రావెల్స్ వాళ్లకు జరిమానా వేయాలి. మీ పత్రిక మార్కాపురం విలేకరి ఒక ఆదివారం పొద్దున ఆ చెక్‌పోస్టు దగ్గర నిలబడి, దాటే బస్సుల్లో ఎన్నింటిలో అడవి తెలిసిన మనిషి ఉన్నాడో చూసి రాస్తే అధికారుల్లో కదలిక వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పొదిలి