కొవ్వాడ భయాన్ని అజ్ఞానం అనకండి

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల ఆరు అణు రియాక్టర్లు కట్టాలన్న ప్రతిపాదన గురించి మాట వచ్చినప్పుడల్లా, భయపడేవాళ్లకు సైన్సు తెలియదని తేల్చేస్తున్నారు. ఇది నాకు చాలా బాధగా ఉంది. మొన్న ఆ తీరంలో ఎండుచేపలు తిరగేస్తూ ఒక పెద్దమ్మ అడిగింది: "బాబూ, వాడేసిన సరుకు ఏటి చేస్తారు? ఎన్నేళ్లు కాపలా కాస్తారు?" ఇంతకంటే సూటి ప్రశ్న ఏముంటుంది?

దానికి జవాబు లేకపోలేదు. వాడిన ఇంధనాన్ని ఏళ్ల తరబడి నీటి కొలనుల్లో చల్లబరుస్తారు. మన దేశంలో యురేనియం, ప్లుటోనియం వేరుచేశాక మిగిలే, రేడియేషన్ తీవ్రంగా ఉండే వ్యర్థాన్ని గాజులో కలిపి గట్టిపరుస్తారు. యూనిట్ కరెంటుకు లెక్కేస్తే బొగ్గు పొగే ఎక్కువ ప్రాణాలు తీస్తోందన్నదీ నిజమే. కానీ ఇవన్నీ ఆ పెద్దమ్మకు ఎవరు చెప్పారు? రేడియేషన్ కంటికి కనబడదు, వాసన రాదు. జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదాన్ని 2011లో ఈ జనం టీవీలో చూశారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే విష రసాయన ఆవిరికి జనం రోడ్ల మీద కుప్పకూలడం చూశారు. ఇక "అంతా సేఫ్" అంటే ఎలా నమ్ముతారు?

వ్యర్థాల నిల్వ, ప్రమాదంలో ఊళ్లు ఖాళీ చేయించే ప్రణాళిక, ఎప్పటికప్పుడు రేడియేషన్ కొలతలు తెలుగులో పంచాయతీ గోడ మీద పెట్టండి. రియాక్టర్ల పని మొదలుపెట్టే ముందే పెట్టండి.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం