ఒక్క అడ్రస్ చీటీ సరిపోదు సార్

ఆరోగ్య శాఖ అధికారి గారికి,

తాగుడు మానడానికి చికిత్స తీసుకుని బయటికొచ్చిన రోజు నా చేతిలో ఒక చీటీ పెట్టారు, దాని మీద తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే ఒకే ఒక్క మీటింగ్ అడ్రస్. వెళ్లాను. అది ఎవరైనా వచ్చి వినగలిగే ఓపెన్ మీటింగా, మానాలనుకునేవాళ్లకు మాత్రమే జరిగే క్లోజ్డ్ మీటింగా అన్నది కూడా నాకెవరూ చెప్పలేదు, లేచి మాట్లాడమంటారేమోనన్న టెన్షన్‌తో తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. (నోరు విప్పకుండా కూర్చోవచ్చట, తర్వాత తెలిసింది.)

మళ్లీ తాగాను. తప్పు నాదే, కానీ ఆ చీటీదీ కొంచెం ఉంది.

ఇలాంటి మీటింగులు నడిపే, 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. అక్కడ దేవుడి మాట వస్తుంది, కొందరికి అదే ఊరట, నాకు మాత్రం పడలేదు. ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం మీద నడిచే స్మార్ట్ రికవరీ ఉందని, ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ ఉందని నాకు నేనే వెతుక్కుని తెలుసుకున్నాను. నాలుగో గ్రూపులో గానీ కుదురుకోలేదు.

ఆ చీటీలో ఇవన్నీ రాయించండి. ఒకచోట నచ్చకపోతే ఇంకోచోటికి వెళ్లొచ్చని కూడా. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావొచ్చు, ముందు డాక్టర్ని కలవాలి అన్న మాట మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇట్లు,
ఇప్పుడు తాగని ఒకడు